మోకాలు ఎటు చూడాలి

నల్లగొండ పట్టణం పక్కనే పానగల్లు. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా కదలక నిలిచే స్తంభపు నీడను చూసి, దాని లెక్కేమిటో తర్కించుకుంటూ వెళ్లిపోతారు. ఇంకాస్త అవతల పచ్చల సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోడుల కాలపు గుడి, దానికి అంటుకుని పురావస్తు శాఖ మ్యూజియం. నాట్యం నేర్చుకునే పిల్లలకు ఆ నీడ కంటే ఈ గుడి గోడలే ఎక్కువ పనికొస్తాయి. అక్కడి నర్తకుల నగలూ కొప్పులూ కాసేపు పక్కన పెట్టి మోకాళ్లను చూడాలి. రెండు మోకాళ్లూ చెరో దిక్కుకు తిరిగి ఉంటాయి. నడుము నిటారుగా ఉంటుంది, మనిషి సగం కూర్చుని ఉంటుంది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో రేచర్ల వాళ్లు 13వ శతాబ్దపు తొలి ఏళ్లలో కట్టించిన గుళ్లలోనూ ఆ మోకాళ్లే. (ఇది పాలమూరు మర్రిచెట్టు పిల్లలమర్రి కాదు. ఆ పేరు చెబితే పాలమూరువాళ్లకు చెట్టు గుర్తొస్తుంది, నల్లగొండవాళ్లకు గుడి గుర్తొస్తుంది.) తుంగభద్ర ఒడ్డున ఆలంపురం పోతే చాళుక్యుల నాటి శిల్పాల నడుమ నాట్యమాడే శివుడు కనిపిస్తాడు. ఆయన కూడా మోకాళ్లు మడిచే ఉంటాడు.

రాతిలో ఇంత తేలిగ్గా కుదిరిన ఆ సగం కూర్చునే భంగిమ, నాట్యంలో అరమండి అనేది, ఒంట్లో కుదరడానికి ఏళ్లు పడుతుంది. దేవరకొండలో గానీ గద్వాలలో గానీ కూచిపూడి నేర్పే ఏ ఇంటి ముందు నిలబడినా, చెక్కపలక మీద కర్ర దెబ్బల మధ్య వినబడే మాట ఒకటే: "కూర్చో... ఇంకా కూర్చోమ్మా!" పిల్ల ఇంకాస్త కూర్చుంటుంది. పాదాలు పక్కకు తిరుగుతాయి, మోకాళ్లు మాత్రం ముందుకు జారతాయి, నడుము వెనక్కి విరుగుతుంది. టీచరమ్మ మళ్లీ అదే మాట అంటుంది. ఎక్కడి నుంచి తిప్పాలో, ఏ కండరం పట్టాలో చెప్పే అలవాటు మన పాఠాల్లో తక్కువ. గురువు చేసి చూపిస్తాడు, శిష్యులు చూసి పట్టుకుంటారు. పట్టుకోగలిగినవాళ్లు నర్తకులవుతారు, మిగిలినవాళ్లు పదో తరగతి పరీక్షలని చెప్పి మానేస్తారు.

ఈ మధ్య మన దగ్గర కొంతమంది నర్తకులు, కూచిపూడివాళ్లూ భరతనాట్యంవాళ్లూ, పది పదిహేనేళ్ల సాధన తర్వాత హైదరాబాదులో ఏదో ఒకచోట బ్యాలే మొదటి తరగతిలో చేరుతున్నారు. మనవాళ్లు నృత్యనాటకాన్ని కూడా బ్యాలే అంటారు గానీ ఇది అది కాదు. గోడకు బిగించిన కడ్డీ పట్టుకుని, చిన్నపిల్లల పక్కన నిలబడి, పాదం ఎలా చాపాలో మొదటినుంచి నేర్చుకునే పాఠం. ఉన్న నాట్యానికి మెరుగు పెట్టుకోవడానికి పరాయి నాట్యపు ఓనమాలు దిద్దడం వింతగా, కొంచెం అవమానంగా కూడా కనిపిస్తుంది. కానీ ఈ పనికి మన దేశంలో దాదాపు నూరేళ్ల చరిత్ర ఉంది. మనం ఇవాళ శాస్త్రీయ నృత్యం అని వేదిక మీద చూస్తున్నదానిలో కొంత భాగం అలాంటి ఒక మొదటి తరగతి నుంచే వచ్చింది.

ముందుగా ఆ తరగతి ఎలా పుట్టిందో చూద్దాం. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ స్వయంగా నర్తకుడు. 1653లో, పద్నాలుగేళ్ల వయసులో, రాత్రంతా సాగిన ఒక ప్రదర్శనలో సూర్యుడి వేషం కట్టాడు. ఆయనకు సూర్యరాజు అన్న పేరు నిలవడానికి ఆ వేషం సాయపడింది. 1661లో పదమూడు మంది నాట్యాచార్యులతో రాజనాట్య అకాడమీ పెట్టాడు. ఆస్థాన నాట్యాచార్యుడు పియేర్ బోషాం పాదాలు నిలపడానికి ఐదు స్థానాలు ఖాయం చేశాడంటారు. బ్యాలే నేర్చుకునేవాళ్లు ఇవాళ్టికీ ఆ ఐదుతోనే మొదలుపెడతారు. పాదాలు బయటికి తిప్పడం అప్పుడు మర్యాదకు సంబంధించిన సంగతి. దొరలు కత్తిసాము చేసేవాళ్లు, పక్కలకు చురుగ్గా జరగడానికి తిరిగిన పాదం వీలు. మేజోళ్లు తొడిగిన పిక్కా, కట్టుబూటూ రాజుగారి కళ్లపడాలన్నా అదే వీలు. ఆ రోజుల్లో పాదం కొద్దిగానే తిరిగేది. నాట్యం రాజుల కొలువు దాటి ఎత్తయిన రంగస్థలం ఎక్కి, జనం ఒకే వైపు నుంచి చూడటం మొదలయ్యాక, ఆ తిరుగుడు పెరిగి పెరిగి 19వ శతాబ్దానికి రెండు పాదాలూ ఒకే సరళరేఖలో నిలిచేదాకా వచ్చింది.

అంత తిప్పాలంటే ఒళ్లు ఊరికే ఒప్పుకోదు. అందుకని కసరత్తు పుట్టింది. 1820లో కార్లో బ్లాసిస్ అనే ఇటలీ నర్తకుడు బొమ్మలతో సహా ఒక శిక్షణ గ్రంథం అచ్చు వేయించాడు. మరీ టాలియోనీ అనే నర్తకికి ఆమె తండ్రి రోజుకు ఆరు గంటలు, రెండేసి గంటల చొప్పున మూడు విడతల్లో సాధన చేయించాడు. 1832లో 'లా సిల్ఫీద్' అనే బ్యాలేలో ఆమె కాలివేళ్ల కొసల మీద గాలిలో తేలినట్టు ఆడితే పారిస్ నివ్వెరపోయింది. ఆ తేలికదనం వెనక ఉన్నది ఆ మూడు విడతల చాకిరీ. రష్యాలో ఫ్రెంచి నాజూకూ ఇటలీ బలమూ కలిశాయి. ఆ కలయికను అగ్రిప్పినా వాగనోవా అనే గురువు పాఠ్యప్రణాళికగా మలిచి 1934లో పుస్తకం తెచ్చేసరికి, మూడు తరాల పిల్లల ఒళ్ల మీద పరీక్షకు నిలిచిన వరస ఒకటి స్థిరపడింది. ముందు కడ్డీ దగ్గర నిలబడి మోకాలు వంచడం, పాదం చాపడం, కాలితో నేల మీద అర్ధవృత్తం గీయడం. తర్వాత కడ్డీ వదిలి గది మధ్యలో నిలకడ, చేతుల నడక. ఆపైన తిరుగుళ్లు, చివర ఎగుళ్లు. అంతా అయ్యాక గురువుకూ వాద్యకారుడికీ వంగి నమస్కారం. ఎంత పేరున్న నర్తకి అయినా తెల్లవారితే మోకాలు వంచడంతోనే మొదలుపెడుతుంది. ఆ వరసకు మినహాయింపు లేదు.

ఈ నాట్యానికీ మన గుడి నాట్యానికీ చుట్టరికం చిత్రంగా కలిసింది. 1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి దేవదాసీల మేళం ఒకటి పారిస్ పోయి ఆడింది. అమ్మాణి అనే నర్తకి అక్కడ ఎంత ఆకట్టుకుందంటే ఒక శిల్పి ఆమె బొమ్మ చేశాడు, తెయోఫీల్ గోత్యే అనే కవి ఆమె గురించి మైమరచి రాశాడు. ఇరవై ఏళ్లకు ఆ గోత్యే కథతోనే పారిస్‌లో శకుంతల బ్యాలే అయింది. దానికి నృత్యం కూర్చినవాడు లూసియాఁ పెటిపా. ఆయన తమ్ముడు మారియస్ పెటిపా 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 'లా బయదేర్' కూర్చాడు. కథానాయిక నికియా గుడి నర్తకి. మన గుళ్లు చూడనివాళ్లు, మన అడుగు ఒక్కటీ తెలియనివాళ్లు అల్లిన గుడి నర్తకి ఆమె. 1902లో ఆ పాత్ర వేసిన యువతి పేరు అన్నా పావ్లోవా.

పావ్లోవా తర్వాత సొంత బృందంతో లోకమంతా తిరిగింది. 1922లో మన దేశం వచ్చినప్పుడు అసలైన నాట్యం చూపించమని అడిగింది. చూపించేవాళ్లు దొరకలేదు. దొరకక ఏం, తంజావూరు సీమలోనూ గోదావరి తీరంలోనూ ఆడేవాళ్లు ఉన్నారు. అయితే దొరల విందులకు వచ్చే పెద్దమనుషులు వాళ్ల పేరు ఎత్తడానికి సిగ్గుపడే రోజులవి. పావ్లోవా అజంతా చిత్రాలు చూసి వెళ్లి, మరుసటి ఏడు ఆ పేరుతోనే ఒక బ్యాలే చేసింది. లండన్‌లో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న ఉదయ్ శంకర్ అనే కుర్రవాడిని పట్టుకుని రాధాకృష్ణుల నృత్యం, హిందూ వివాహం కూర్పించి, 1923లో అతనితో కలిసి ఆడింది. అతనికి బ్యాలే నేర్పడానికి మాత్రం ఆమె ఇష్టపడలేదు. నీ నాట్యం నీ దేశంలో ఉంది, అక్కడ వెతుక్కోమంది.

ఆ మాటే ఇంకొకరికీ చెప్పింది. ఆ ఇంకొకరు ఆమె దగ్గర ముందు బ్యాలే పాఠం మొదలుపెట్టించుకున్నారు కాబట్టి మన కథ అక్కడుంది.

రుక్మిణీదేవి అరుండేల్ 1904లో మదురైలో పుట్టారు. దివ్యజ్ఞాన సమాజంలో పెరిగి, 1920లో జార్జి అరుండేల్ అనే ఇంగ్లీషు దొరను పెళ్లాడి అప్పటి మద్రాసు బ్రాహ్మణ సమాజాన్ని దడదడలాడించారు. దివ్యజ్ఞాన సమాజం పనుల మీద దేశాలు తిరిగేవారు. 1928 ప్రాంతంలో ఆస్ట్రేలియా వైపు పోయే ఓడలో ఈ దంపతులూ పావ్లోవా బృందమూ కలిసి ప్రయాణం చేశారు. రుక్మిణీదేవికి పావ్లోవా అంటే అప్పటికే ఆరాధన. నాకు మీలా ఆడటం రాదు కదా అని ఈమె బాధపడితే, నేర్చుకోవచ్చు అంది ఆమె. తన బృందంలోని క్లియో నోర్డీ అనే నర్తకిని గురువుగా కుదిర్చింది. ఇరవై నాలుగేళ్ల వయసులో, అంతకు ముందు ఏ నాట్యమూ నేర్వని దక్షిణాది స్త్రీ, కడ్డీ పట్టుకుని మోకాలు వంచడం నేర్చుకుంది. బ్యాలేకు ఆ వయసు చాలా ఆలస్యం. ఎనిమిది తొమ్మిదేళ్లకు మొదలుపెట్టినవాళ్లే వేదిక ఎక్కే విద్య అది. ఆమె పావ్లోవా బృందంలో చేరి ఆడుతుందని ఎవరూ అనుకుని ఉండరు. పావ్లోవా కొంతకాలం చూసి, ఇది నేర్చుకో, మంచిదే, కానీ నీ నేల మీది కళను వెతికి లేపు అన్న అర్థంలో సలహా ఇచ్చింది. 1931 జనవరిలో ఆమె చనిపోయింది. ఆ సలహాకు ఏమైందో చూడలేదు.

1933లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వేదిక మీద పందనల్లూరు సంప్రదాయపు అక్కచెల్లెళ్లు ఆడిన సదిరు (భరతనాట్యానికి అప్పటి పేరు) చూసినప్పుడు రుక్మిణీదేవికి వెతకాల్సింది దొరికింది. మైలాపూరు గౌరి అమ్మాళ్ దగ్గరా, పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై దగ్గరా నేర్చుకున్నారు. ముప్ఫయ్యో పడికి దగ్గరపడ్డాక రెండోసారి ఓనమాలు. 1935 డిసెంబరులో, అడయారు దివ్యజ్ఞాన సమాజపు వజ్రోత్సవ సభల్లో ఆమె ఆడితే ఊరంతా అదే మాట. 1936లో పెట్టిన కళా సంస్థే తర్వాత కళాక్షేత్రమైంది.

బ్యాలే పాఠం ఇందులో ఎంత? ఇక్కడ రెండు అతిశయోక్తులు వినబడతాయి. భరతనాట్యాన్ని పావ్లోవా పుట్టించిందన్నట్టు మాట్లాడేవాళ్లు కొందరు. ఆ విద్యలో పరాయిది పూచికపుల్లంతైనా లేదని కోప్పడేవాళ్లు ఇంకొందరు. 19వ శతాబ్దపు మొదటి భాగంలోనే తంజావూరు అన్నదమ్ములు నలుగురు, చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు, అడుగులకూ కచేరీ వరసకూ గట్టి క్రమం కట్టారు. ఆ క్రమం మీనాక్షిసుందరం పిళ్లై ఇంట్లో వారసత్వంగా ఉంది. బ్యాలే నుంచి అడుగులేవీ రాలేదు, రావాల్సిన అవసరమూ లేదు. కానీ కళాక్షేత్రం నర్తకుల వరసను దూరం నుంచి చూసినా గుర్తుపట్టొచ్చు. చెయ్యి చాపితే భుజం నుంచి వేలికొస దాకా ఒకే గీత, అరమండి లోతు అందరికీ ఒకటే. పదిమంది ఆడినా ఒకే ఒళ్లు ఆడినట్టుంటుంది. అదంతా ఆ కడ్డీ దగ్గర నేర్చిన కన్ను అని నాట్య చరిత్ర రాసిన కొందరు అంటారు, నాకూ అదే నిజమనిపిస్తుంది. గురువు ఇంట్లో ఒక్కొక్కరికి అబ్బే విద్య గంటల పట్టికతో, వరసలో నిలబడి, రోజూ మొదటి అడుగు నుంచి చేసే తరగతి అయింది. వాద్యకారులు నర్తకి వెనక నుంచి వేదిక పక్కకు జరిగారు. దీపాల వెలుగుకు, రంగులకు ఆలోచన వచ్చింది. దుస్తులు కుట్టడానికి కజాన్ అనే ఇటలీ దర్జీ దొరసాని వచ్చింది. రుక్మిణీదేవి బ్యాలేను తేలేదు, బ్యాలేవాళ్లు నాట్యాన్ని ఎంత శ్రద్ధగా సర్దుకుంటారో ఆ సర్దుబాటును తెచ్చారు.

దానికి మూల్యం కూడా ఉంది. ఆ నాట్యాన్ని అంతదాకా మోసిన దేవదాసీ ఇళ్ల ఆడవాళ్లు వేదిక దిగిపోయారు, మంచి కుటుంబాల అమ్మాయిలు ఎక్కారు. క్షేత్రయ్య పదాల్లోని శృంగారాన్ని రుక్మిణీదేవి పక్కన పెడితే, దేవదాసీ కుటుంబపు బాలసరస్వతి అదే ఈ కళకు ప్రాణమని జీవితాంతం వాదించారు. ఆ పదాలు తెలుగువి, పాడినవాళ్లూ ఆడినవాళ్లూ అరవనాడులో ఉన్నా భాష మనది, కాబట్టి ఆ తగువులో మనకూ వాటా ఉంది. దేవుడి పేరున వదిలిన ఆడవాళ్ల సంగతి పాలమూరు జిల్లాలో ఇంకా నేరుగా తగులుతుంది. అక్కడి పల్లెల్లో దళిత ఆడపిల్లలను జోగినులుగా వదిలే దురాచారం ఎంత లోతుగా ఉండేదంటే, దాన్ని ఆపడానికి 1988లో రాష్ట్రం చట్టం చేయాల్సి వచ్చింది. జాతరలో ఆడిన జోగిని ఆటను ఎవరూ శాస్త్రీయం అనలేదు, ఎవరూ అకాడమీకి తీసుకుపోలేదు. శుద్ధి, మెరుగు అన్న మాటలు వాడినప్పుడల్లా ఎవరి ఒంటిని మెరుగుపెడుతున్నాం, ఎవరిని గది బయట నిలబెడుతున్నాం అని ఒకసారి తలెత్తి చూడక తప్పదు.

కళాక్షేత్రపు ఆ గీత తెలుగు నాట్యంలోకి వచ్చిన దారుల్లో ఒకటి యామినీ కృష్ణమూర్తి. 1940లో మదనపల్లెలో పుట్టి, చిన్నప్పుడే కళాక్షేత్రంలో చేరి, తర్వాత వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటి పెద్దల దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు. 1960లలో ఆమె ఢిల్లీలోనూ విదేశాల్లోనూ ఒంటరిగా కూచిపూడి ఆడుతుంటే, ఊరి మేళంలో మగవాళ్లు కట్టే భామ వేషం ఒక్కసారిగా నిటారుగా లేచి నిలబడినట్టనిపించేది. సరిగ్గా ఆ కాలంలోనే కూచిపూడికి శాస్త్రీయ హోదా ఉందా లేదా అన్న రగడ నడిచింది. 1958 ఢిల్లీ సదస్సులో తగిన గౌరవం దక్కలేదని నొచ్చుకున్నవాళ్లు 1959లో హైదరాబాదులో సదస్సు పెట్టి వాదన గెలిపించుకున్నారు. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, అడుగులకు వరస కట్టి, తరగతిగా నేర్పారు. నల్లగొండ, పాలమూరు ఇళ్లలో ఇవాళ నేర్పే కూచిపూడిలో ఎక్కువ భాగం ఆ అకాడమీ చెట్టు కొమ్మలే.

ఇక ఇవాళ్టి తరగతి. మన నర్తకి అక్కడికి వెళ్తే ఏం జరుగుతుంది?

మొదటి దెబ్బ మోకాలికి తగులుతుంది. ప్లియే అంటే మోకాలు వంచడం, అంతే. మడమలు కలిపి, పాదాలు పక్కలకు తిప్పి, కాస్త కూర్చుని లేవాలి. ఇది మాకు రానిదా, అరమండిలో గంటలు కూర్చుంటాం అనిపిస్తుంది. గురువు వచ్చి ఆమె పాదాలను సగానికి సగం లోపలికి తిప్పేస్తుంది. ఎందుకంటే తిప్పాల్సింది పాదాన్ని కాదు, తొడను. తుంటి గిన్నెలో తొడ ఎముక తల ఎంత తిరుగుతుందో, దాన్ని ముందువైపు పట్టిన బలమైన స్నాయువు ఎంతవరకు వదులుతుందో అంతే ఆ మనిషికి దక్కిన తిరుగుడు. పిరుదుల లోపలి చిన్న కండరాలు పట్టి తిప్పాలి. పాదం ఆ పైన తిరిగితే మిగతా తిరుగుడు మోకాలూ చీలమండా భరించాలి, అవి భరించవు. మోకాటి చిప్ప రెండో కాలివేలి మీదుగా సూటిగా చూడాలన్నది లెక్క. పదేళ్లుగా మోకాలి నొప్పిని గజ్జెల బరువు మీదకూ వయసు మీదకూ నెట్టిన నర్తకికి, నొప్పి ఎక్కడి నుంచి వచ్చిందో కడ్డీ దగ్గర ఆ మొదటి పావుగంటలోనే తెలిసిపోవచ్చు. టీచరమ్మ "ఇంకా కూర్చో" అన్నప్పుడల్లా ఆమె తొడ బదులు పాదాన్ని తిప్పింది.

రెండోది పాదం. మనం నేలను కొడతాం. తట్టు అడుగులో అరికాలంతా ఒకేసారి, ఒకే చప్పుడుతో పడాలి, గజ్జె పలకాలి. బ్యాలే పాదానికి చప్పుడు పనికిరాదు. టాండ్యూ అనే కసరత్తులో పాదం నేలను రాసుకుంటూ ముందుకు పోతుంది. మడమ లేస్తుంది, తర్వాత పాదపు వంపు, చివరికి వేలికొస మాత్రమే నేలను తాకుతుంది. వచ్చిన దారినే వెనక్కి రావాలి. చూడటానికి ఏమీ లేదు, విసుగొస్తుంది. పిల్లలైతే కిటికీలోంచి చూస్తారు. కానీ అరికాలి లోపలి చిన్న కండరాలు ఆ రాపిడితోనే మేలుకుంటాయి. కుదిత్తుమెట్టు అనే అడుగులో వేళ్ల మీద ఎగిరి మడమ దించేటప్పుడు తడబాటు తగ్గేది, కూచిపూడి ఎగుళ్లలో దిగేటప్పుడు వేళ్లు, పాదం, మడమ ఆ వరసలోనే నేలను తాకి మోకాలు మెత్తగా వంగేది వాటి వల్లే.

తిరుగుళ్ల సంగతి కొంచెం సరదా. భ్రమరిలో కళ్లు తిరిగి పక్కవాళ్ల మీద పడని నర్తకి ఉండదు. బ్యాలేలో ఎదురుగా గోడ మీద ఒక చుక్కను చూడమంటారు. ఒళ్లు తిరుగుతుంటే చూపు ఆ చుక్క మీదే ఆగి ఉంటుంది. ఇక మెడ ఆగదు అన్నప్పుడు తల ఒక్క ఊపులో తిరిగి, ఒంటి కంటే ముందే మళ్లీ చుక్కను చేరుతుంది. పనికొచ్చే ఉపాయమే, అయితే అభినయంలో దాన్ని అలాగే పెడితే సత్యభామ గోడ మీది బల్లిని చూస్తున్నట్టుంటుంది. చూపు నాయకుడి మీద ఉండాలా చుక్క మీద ఉండాలా అన్నది నర్తకి తేల్చుకోవాలి.

అక్కడే గది గుమ్మంలో వదిలేయాల్సినవి కూడా మొదలవుతాయి. ప్లియే ఒక దారి, దిగడం లేవడానికే. అరమండి మజిలీ, అందులోనే కాపురం. బ్యాలే ఒళ్లు నేలను విడిచి పైకి పోవాలని చూస్తుంది, మన ఒళ్లు నేల లోపలికి బరువు దింపుతుంది. ఆరు నెలలు బ్యాలే చేసి వచ్చిన అమ్మాయి తట్టు అడుగులో చప్పుడు పలచబడటం, రొమ్ము కొద్దిగా పైకి లేచి అరమండి తేలిపోవడం గురువుల కంట ఇట్టే పడుతుంది. పియానో ఎనిమిదేసి లెక్కలకు అలవాటు పడితే ఖండజాతి ఐదు, మిశ్రజాతి ఏడు కాస్త బరువుగా తోస్తాయి. హస్తాలకూ కనుబొమకూ ఆ గదిలో పనే లేదు. అందుకే, ఒక విద్యలో ఐదారేళ్లయినా గట్టిగా పాతుకున్నాకే ఈ రెండో తరగతికి పోవడం మేలని నా అభిప్రాయం. ఏడేళ్ల పిల్లను రెండింట్లోనూ ఒకేసారి వేస్తే తల్లిదండ్రులకు ఫోటోలు ఎక్కువ దొరుకుతాయి, పిల్ల కాళ్లకు ఏ నేల తనదో తెలియదు.

మళ్లీ పచ్చల సోమేశ్వరం గోడ దగ్గరికి వద్దాం, అక్కడ ఒక చిక్కుంది. రాయి మజిలీని చూపిస్తుంది, దారిని చూపించదు. శిల్పంలో కాలు ఎత్తి ఉన్న నర్తకి ఆ కాలును ఎలా ఎత్తింది, మరుక్షణం ఎక్కడ దించింది, ఏ కాలి మీద బరువు మోసింది? ఈ చిక్కుతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినవారు నటరాజ రామకృష్ణ. 1923లో బాలి ద్వీపంలో పుట్టి, మీనాక్షిసుందరం పిళ్లై దగ్గరా, నాయుడుపేట రాజమ్మ వంటి గుడి నర్తకుల దగ్గరా నేర్చుకున్న ఆయన, కాకతీయుల కాలంలో మగవాళ్లు ఆడిన పేరిణిని తిరిగి లేపాలనుకున్నారు. 1213 నాటి రామప్ప గుడి శిల్పాలు కళ్లముందున్నాయి. గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54లో రాసిన 'నృత్తరత్నావళి' ఉంది. వి. రాఘవన్ దాన్ని పరిష్కరించి 1965లో అచ్చువేయించారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ తెలుగు చేశారు. శిల్పం మజిలీ ఇచ్చింది, గ్రంథం పేరూ లక్షణమూ ఇచ్చింది. మజిలీకీ మజిలీకీ మధ్య దారి మాత్రం రెంటిలోనూ పూర్తిగా లేదు. దాన్ని ఆయన బతికున్న గుడి నర్తకుల ఒళ్లలో చూశారు, శైవారాధకుల వీరంగంలో చూశారు, మిగిలింది కుర్రవాళ్ల ఒంటి మీద చేయించి చూసి తేల్చారు. పేరిణి కొంత దొరికింది, కొంత కూర్చింది. అలా చెప్పడం ఆయనను తక్కువ చేయడం కాదు. కళాక్షేత్రమూ అలా కూర్చిందే, లూయీ రాజు ఐదు స్థానాలూ అంతే.

తొడ తిప్పడం, పాదం రాయడం, దిగే వరస వంటి బ్యాలే మొదటి తరగతి పాఠాలన్నీ మజిలీల మధ్య దారిని గురించినవే. మన పాఠంలో చూసి పట్టుకోమని వదిలేసే భాగం అదే కావడం వల్ల మన నర్తకికి ఆ తరగతి అంతగా తగులుతుంది.

వెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. బ్యాలే గదుల్లో నేల కింద చెక్కతో ఊగే అమరిక ఉంటుంది, ఎగిరి దిగిన దెబ్బలో కొంత అదే మింగుతుంది. మన సాధన గచ్చు మీదా టైల్స్ మీదా గ్రానైట్ మీదా జరుగుతుంది. ఫంక్షన్ హాలు వేదిక అయితే ఆ గ్రానైట్ మీద ఎర్ర తివాచీ కూడా జారుతూ ఉంటుంది. బ్యాలే గదిలో నేర్చిన ఎగుళ్లను ఇంటికొచ్చి ఆ గచ్చు మీద అదే లెక్కన చేస్తే మొదట పిక్క ఎముక ముందుభాగం సలుపుతుంది, పట్టించుకోకపోతే ఎముకకు సన్నని పగులు వస్తుంది. కడ్డీ దగ్గరి పనికి ఈ ఇబ్బంది లేదు, వంటింటి గట్టు పట్టుకున్నా సరిపోతుంది. ఎగుళ్లు మాత్రం ఆ గదిలోనే ఉంచి రావాలి, లేదా మట్టి అలికిన పాత ఇంటి నడవా ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడ చేసుకోవాలి.